సూది తొంభై మీదికొస్తే కడప

పాత ట్రాన్సిస్టర్ల డయల్ అద్దం మీద అంకెలు 54తో మొదలై 160తో అయిపోయేవి. పక్కన ఒక సున్నా చేర్చుకుని చదువుకోవాలి. 90 దగ్గర అద్దం కాస్త మసకబారి ఉందంటే ఆ రేడియో కడపదో, అనంతపురానిదో, కర్నూలుదో అయ్యుండాలి. 'సూదిని ఈడికి తీసుకురా' అని పెద్దవాళ్ళు పిల్లలకు వేలు పెట్టి చూపించి చూపించి పడిన మరక అది. 900 కిలోహెర్ట్జ్. ఆకాశవాణి కడప కేంద్రం.

1963లో మొదలైన కేంద్రం. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చాక సీమలో చాలా ఇళ్ళకు అదే గడియారం, అదే పంచాంగం. డయల్ మీద దానికి ఎడమపక్క 837లో విజయవాడ, ఇంకా ఎడమకు పోతే 738లో హైదరాబాదు, కుడిపక్కన ఆనుకున్నట్టు 927లో విశాఖపట్నం. ఈ అంకెల్లో దేన్ని 9తో భాగించినా శేషం మిగలదు. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం ఉండాలని చాలా దేశాలు కలిసి కుదుర్చుకున్న పద్ధతి 1978 నవంబరులో అమలయింది. ఆ లెక్క ఇది. స్టేషన్ పేర్లు అద్దం మీదే అచ్చువేసిన పాత వాల్వు సెట్లలో పేరొకచోట, స్టేషన్ ఇంకొకచోట ఉండటానికి అదీ ఒక కారణం. పాపం, మెకానిక్కుల్ని ఊరికే తిట్టుకున్నారు జనం.

రేడియోను గూట్లో ఎటు తిప్పి పెట్టాలన్నది ఊరిని బట్టి మారేది. ట్రాన్సిస్టర్ లోపల, పైఅంచు వెంబడి, వేలంత లావు నల్లటి ఫెర్రైట్ కడ్డీ పడుకుని ఉంటుంది. మీడియం వేవ్‌కు ఏరియల్ అదే; బయటికి లాగే స్టీలు పుల్లకూ మీడియం వేవ్‌కూ సంబంధం లేదు. ఆ కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తే గొంతు పడిపోతుంది, దాని పక్క స్టేషన్‌కు ఎదురైతే గొంతు నిండుగా వస్తుంది. అనంతపురానికి కడప దాదాపు నేరుగా తూర్పున ఉంది కాబట్టి అక్కడ కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, అంటే రేడియో ముఖం తూర్పుకో పడమరకో తిరగాలి. కర్నూలు నుంచి కడప దక్షిణానికి, కాస్త ఆగ్నేయంగా ఉంటుంది. అక్కడ రేడియో ముఖం దక్షిణం గోడకో ఉత్తరం గోడకో ఎదురుగా ఉంటే మేలు. దిక్కులు తెలియనివాళ్ళకూ ఒక ఉపాయం ఉండేది. బాగా వినబడే చోటు వెతికితే తేలదు, ఎందుకంటే చాలాదూరం తిప్పినా ఒకే తీరున వినిపిస్తుంది. గొంతు పూర్తిగా సన్నబడే చోటు మాత్రం ఖచ్చితంగా దొరుకుతుంది. దాన్ని పట్టుకుని అక్కడి నుంచి పావు చుట్టు తిప్పితే సరి.

ఇనుప బీరువా మీద పెట్టినా, బియ్యం డ్రమ్ముకు ఆనించినా సగం గొంతు అది మింగేసేది. మట్టి మిద్దె కింద ఈ బాధ తక్కువ. రేకుల ఇంట్లో కిటికీ దగ్గరికి జరపక తప్పదు. రేడియో కింద పడితే ముందు విరిగేది ఆ కడ్డీయే. పైకి ఏమీ కనబడదు, స్టేషన్ మాత్రం దూరమైపోయినట్టు ఉంటుంది. ముక్కల మధ్య సందు లేకుండా ఆరాల్డైట్‌తో అతికించి, కడ్డీ మీది తీగచుట్టను ఇంతింత జరుపుతూ గొంతు బాగా వచ్చిన చోట కొవ్వొత్తి మైనం చుక్క వేసి కదలకుండా చేయాలి. సందు ఉంచి అతికిస్తే చుట్ట బలం తగ్గి, డయల్‌లో ఒక కొసన వినబడేది ఇంకో కొసన వినబడదు.

వాల్వు రేడియోల కాలంలో తంతు పెద్దది. మిద్దె మీద రెండు వెదురు బొంగులు నాటి, వాటి మధ్య 10, 15 మీటర్ల రాగి తీగ లాగి, రెండు కొసలా పింగాణీ గుడ్లు కట్టి, అక్కడి నుంచి ఒక తీగ కిటికీలోంచి లోపలికి దింపేవాళ్ళు. ఏరియల్ సగమే, ఎర్త్ ఇంకో సగం. సీమ నేల బండనేల, పైగా ఎండిపోయిన నేల. విద్యుత్తు అంత సులభంగా పారదు. అందుకే ఎర్త్ కడ్డీని నీళ్ళు పోసుకునే బండ పక్కన, ఎప్పుడూ తడి ఉండేచోట మూడడుగుల లోతున దించి, చుట్టూ బొగ్గుపొడీ రాళ్ళుప్పూ వేసి పూడ్చేవాళ్ళు. ఎండాకాలం దానికీ ఒక చెంబు నీళ్ళు పోయాలి. ఉరుములు మొదలైతే రేడియో వెనక నుంచి ఏరియల్ తీగ పీకి ఎర్త్ తీగకు మెలిపెట్టడం ఇంట్లో పెద్దమనిషి చేసే మొదటి పని. ఆరేసిన వడియాల సంగతి ఆ తర్వాత.

ఇదే బండనేల ఇంకో చిక్కు పెట్టేది. మీడియం వేవ్ పగలంతా నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. తడి నేల మీద, సముద్రం మీద ఎంతో దూరం పోయే తరంగం ఎండిన గట్టినేల మీద తొందరగా నీరసిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. కడపకు అనంతపురం గాలిదారిన 130 కిలోమీటర్లు, కర్నూలు 170 దాకా. పగలు అక్కడా బాగానే వినబడేది. పొద్దు గూకితే కథ మారుతుంది. పైన ఆకాశంలో, పగటిపూట మీడియం వేవ్‌ను మింగేసే పొర ఒకటి సూర్యుడితోనే పోతుంది. అప్పుడు అదే స్టేషన్ తరంగం ఆకాశానికి ఎక్కి, తిరిగి కిందికి వాలుతుంది. నేల మీద పాకి వచ్చింది ఒకటి, ఆకాశం నుంచి దిగింది ఇంకొకటి, రెండూ దాదాపు సమానమైన బలంతో ఒకే ఇంట్లో కలుసుకుంటే ఒకసారి తోడవుతాయి, ఒకసారి కొట్టుకుంటాయి. గొంతు ఉయ్యాల ఊగుతుంది. పాట చరణంలో ఉండగా మునిగి, పల్లవికి తేలుతుంది. ఊరికే సన్నబడితే సర్దుకోవచ్చు గానీ, మాట అరిగిన రికార్డులా ముద్దయిపోతుంది, అదీ అసలు చిరాకు. దీనికి మందు లేదు. రేడియోను కొంచెం తిప్పి చూడటం, నిమిషం ఓపిక పట్టడం, అంతే. రేడియోను గుద్దినంత మాత్రాన ఆకాశం మాట వినదు.

రాత్రయ్యే కొద్దీ ఇరుగుపొరుగు రాష్ట్రాలు కూడా ఇంట్లోకి వచ్చేవి. హిందూపురం వైపు 612లో బెంగళూరు పగలే గట్టిగా వచ్చేది. ఆదోని, రాయదుర్గం వైపు రాత్రిళ్ళు 765లో ధారవాడ కన్నడం. ఆ ఊళ్ళలో రెండు భాషలూ వచ్చినవాళ్ళకు రేడియో ఒక్కటే అయినా పాటలు రెండింతలు.

కడపకున్న ఒక విచిత్రం కూత. స్టేషన్‌కు దగ్గరి ఊళ్ళలో, చౌక సెట్లలో, సూది సరిగ్గా 900 మీదికి వస్తూ ఉండగా 'కుయ్' మని సన్నగా మొదలై, బరువెక్కి, ఆగి, మళ్ళీ సన్నబడేది. స్టేషన్ తప్పని జనం అనుకునేవాళ్ళు. తప్పు రేడియో లోపలి లెక్కలో ఉంది. ఏ స్టేషన్ పట్టినా సెట్ దాన్ని లోపల 455 కిలోహెర్ట్జ్‌కు మార్చుకునే పెద్దది చేస్తుంది. 455కు రెట్టింపు 910. సూది కాస్త పక్కన ఉండి లోపలి లెక్క 450, 452 దగ్గర పడితే దాని రెట్టింపు సరిగ్గా కడప పక్కనే వాలి, రెండూ రాసుకుని కూత పుడుతుంది. సంకేతం ఎంత బలంగా ఉంటే కూత అంత గట్టిగా. స్టేషన్ మధ్యలోకి సరిగ్గా తెస్తే కూత చెవికందనంత సన్నబడి పోతుంది. పోకపోతే ఐఎఫ్ కాయిళ్ళ, అంటే ఆ 455ను పట్టే తీగచుట్టల, వరస తప్పిందని అర్థం. పసుపు, తెలుపు, నలుపు తలలున్న ఆ చిన్న డబ్బాల్ని ఇనుప స్క్రూడ్రైవర్‌తో తిప్పకూడదు. ఇనుము దగ్గరికి వస్తేనే లెక్క మారుతుంది, పైగా లోపలి పెళుసు కోర్ పగిలి అక్కడే ఇరుక్కుంటుంది. తెలిసిన మెకానిక్కులు ప్లాస్టిక్ అల్లికపుల్లను అంచు అరగదీసి వాడేవాళ్ళు.

ఇక సెల్లుల సంగతి. పెద్ద సెల్లు మూడో నాలుగో. కొత్త సెల్లు ఒకటికి ఒకటిన్నర వోల్టు. ఒక్కోటి ఒకటికి దిగేసరికి గొంతు బొంగురుపోయేది, ఇంకా దిగితే వాల్యూం పెంచగానే 'బొబ్బొబ్బొ' మని మోటారు పడవలా కొట్టుకునేది. సెల్లు లోపల నిరోధం పెరిగి, స్పీకర్ ఒక్క గుక్క లాగేసరికి వోల్టేజీ మొత్తం కుంగి, లేచి, మళ్ళీ కుంగడం వల్ల వచ్చే రోగం. కొత్త సెల్లు వేసినా పోకపోతే 100 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఎండిపోయిందని. సెల్లుల్ని ఎండలో పెట్టడం ఉత్త మూఢనమ్మకం కాదు. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఇంకో రెండు మూడు రోజులు నడుస్తుంది. నీళ్ళలో వేసి ఉడికించడం మాత్రం తప్పు, పొగ చిమ్మి పగిలే ప్రమాదం. ఒక్కటి మాత్రమే మార్చి పాతవి మూడు ఉంచితే ఆ కొత్తది వాటి కోసం అరిగి చస్తుంది. ఊరెళ్ళేటప్పుడు సెల్లు తీయడం మరిచిపోతే తిరిగొచ్చేసరికి జింకు డబ్బా కారి, స్ప్రింగు మీద తెల్లగా పచ్చగా బూజు పట్టి ఉండేది. ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి. పైపైన తుడిస్తే వారానికి మళ్ళీ వస్తుంది.

ఇంతా చేసి తెచ్చుకునేది దేనికంటే, ఆ గొంతుల కోసం.

పొద్దున ఆరుకు ముందే తంబూరా మీద వయొలిన్ రాగం. 1936లో వాల్టర్ కాఫ్‌మన్ కూర్చిన ఆ బాణీని ఆయన పేరు తెలియకుండానే రెండు తరాలు కళ్ళు నులుముకుంటూ విన్నాయి. తర్వాత వందేమాతరం, మంగళధ్వని. ఢిల్లీ నుంచి ఏడుకు ఐదు నిమిషాల ముందు సంస్కృత వార్తలు. 'ప్రవాచకః బలదేవానంద సాగరః' అనే ముక్క అర్థం తెలియని పిల్లలకు కూడా నోటికొచ్చేది. తెలుగు వార్తల మొదటి మహిళా గొంతు జోలెపాళ్యం మంగమ్మది, మన పక్కనున్న మదనపల్లె మనిషి. విజయవాడ నుంచి ఉషశ్రీ భారతం చెబుతుంటే అరుగు మీద మాటలు ఆగేవి. షార్ట్ వేవ్‌లో శ్రీలంక నుంచి రేడియో సిలోను పడితే తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు అలల మీద తేలుతూ వచ్చేది. కడప కేంద్రం గొప్ప వేరు. రచయిత గొల్లపూడి మారుతీరావు లాంటివాళ్ళు అక్కడ అధికారులుగా పనిచేసిపోయారు, అదీ గొప్పే. అయితే ఊళ్ళవాళ్ళకు కావలసింది తమ ఊరి పేరు తప్పులేకుండా పలికే అనౌన్సర్.

పెండ్లిమర్రి, లక్కిరెడ్డిపల్లె, పోరుమామిళ్ళ, ముద్దనూరు, యాడికి, కోవెలకుంట్ల. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ పేర్లు ఒకటి రెండు నెలలు కాగితం మీద రాసుకుని సాధన చేయవలసిందే. 'పొద్దుటూరు' అని జనం అంటారు, రేడియోలో 'ప్రొద్దుటూరు' అనాలి. కోరిన పాటల కార్డు చదివేటప్పుడు పది పేర్లు, నాలుగు ఊళ్ళు పాటకు ముందున్న అర నిమిషంలో ఇమడాలి, ఎవరి పేరూ మింగకూడదు. అందుకే కార్డు రాసే పద్ధతి కూడా ఊళ్ళలో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. 15 పైసల కార్డు. ఒక కార్డుకు ఒక పాట. పాట మొదటి మాటలు ఒక్కటే రాస్తే చాలదు, సినిమా పేరు రాయాలి, ఎందుకంటే స్టేషన్ లైబ్రరీలో రికార్డులు సినిమా పేరుతో వెతకడం తేలిక. పేర్లు పైన, ఊరు కింద, విడివిడి అక్షరాల్లో. గొలుసుకట్టు రాతతో రాసిన కార్డు చదవలేక పక్కన పడితే అది అనౌన్సర్ తప్పు కాదు. ఇరవై పేర్లు ఇరికించిన కార్డుదీ అదే గతి.

గాజు కిటికీ వెనక ఆ మనిషి చేసే పని బయటికి కనబడేది కాదు. మైకుకు జానెడు దూరంలో, నేరుగా కాకుండా కొంచెం పక్కకు కూర్చోవాలి. నేరుగా ఉంటే 'ప', 'భ', 'ఫ' పలికినప్పుడల్లా గాలి తగిలి తుపాకీ పేలినట్టు వస్తుంది. కాగితాలు పిన్ను కొట్టకూడదు. చదివిన కాగితాన్ని తిప్పకుండా పక్కకు జార్చాలి, లేకపోతే ఆ గరగర ఊరంతా వింటుంది. రికార్డు పాటకు ముందే సిద్ధంగా ఉండాలి. ముల్లు గాడిలో పెట్టి, పాట మొదటి అక్షరం వినబడగానే ఆపి, పళ్ళేన్ని చేత్తో అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచుతారు. మాట ముగియగానే మీట వదిలితే, పళ్ళెం వేగం అందుకునేలోపు ఆ అర చుట్టు గడిచి పాట సరిగ్గా మొదలవుతుంది. వెనక్కి తిప్పడం తక్కువైతే పాట మూలుగుతూ లేస్తుంది, ఎక్కువైతే మాటకూ పాటకూ మధ్య గొయ్యి. 78 చుట్ల రికార్డును 33లో పెట్టి, గాయని గొంతు గాయకుడిదైపోయిన సందర్భాలు ఏ స్టేషన్‌లోనైనా ఉంటాయి.

ప్రసంగాలు, నాటకాలు టేపు మీద. పావు అంగుళం వెడల్పు, క్షణానికి ఏడున్నర అంగుళాల నడక, 1200 అడుగుల చుట్ట ఒకటి అరగంట పైన రెండు నిమిషాలు వచ్చేది. ప్రసంగం చేసే పెద్దమనిషి మధ్యలో దగ్గితే ఆ దగ్గును కత్తిరించడం ఒక కళ. చుట్టల్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే దగ్గు మొదలయ్యే చోటు 'గుర్ర్' మని తెలుస్తుంది. అక్కడ పసుపు పెన్సిల్ గీత, ముగిసిన చోట ఇంకో గీత. అరక్షణం దగ్గంటే దాదాపు పది సెంటీమీటర్ల టేపు. రెండు కోతలూ బ్లేడుతో ఏటవాలుగా, 45 డిగ్రీలలో. నిలువుగా కోస్తే అతుకు దాటేటప్పుడు టక్కుమంటుంది, ఏటవాలు కోతలో ఒక ధ్వని తగ్గుతూ ఉండగా ఇంకోటి ఎక్కుతుంది. తెల్లటి అతుకు పట్టీ టేపు వీపు వైపే వేయాలి. బ్లేడుకు అయస్కాంతం పట్టి ఉంటే అతుకంతా బాగున్నా 'ధబ్' మంటుంది. దగ్గుతో పాటు దాని వెనకున్న ఊపిరి కూడా తీసేస్తే మనిషి ఊపిరి లేకుండా మాట్లాడినట్టు ఉంటుంది. మంచి చేతివాటం ఉన్నవాళ్ళు ఊపిరి ఉంచేవాళ్ళు.

అన్నింటికంటే కష్టమైన చదువు పొలం పనుల కార్యక్రమంలో ఉండేది, ఇది నా అభిప్రాయం. వేరుశనగకు మందు చెప్పేటప్పుడు 'లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల మోనోక్రోటోఫాస్' అనే వాక్యాన్ని ఒకసారి మామూలుగా, ఇంకోసారి నెమ్మదిగా, అంకెకు ముందు చిన్న విరామం ఇచ్చి చదవవలసి వచ్చేది. అవతల రైతు సిగరెట్ అట్ట మీద రాసుకుంటున్నాడు. 'ఒకటి పాయింట్ ఆరు' గాలి దుమారంలో 'ఆరు' అని మాత్రమే వినబడితే పైరు మాడుతుంది. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన వేరుశనగ విత్తనాల పేర్లూ, ఇంకోచోటి నుంచి వచ్చిన టీఎంవీ 2 లాంటి అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లూ అంతే, విడదీసి పలకాలి.

వాతావరణం చదవడంలోనూ ఒక్క మాటకు లెక్క ఉంది. 'ఒకటి రెండు చోట్ల' అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి పడదు. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా, 'చాలా చోట్ల' అంటే ముప్పాతిక దాకా. 'రాయలసీమలో ఒకటి రెండు చోట్ల' అనే మాట ఎన్ని వేల సాయంత్రాలు విన్నామో లెక్కలేదు. ఆ ఒకటి రెండు చోట్లు ఎప్పుడూ పక్క మండలమే.

1990ల్లో అనంతపురం 101.7 మెగాహెర్ట్జ్ మీద, కర్నూలు 102.4 మీద ఎఫ్ఎం స్థానిక కేంద్రాలతో నిలదొక్కుకున్నాయి. కూత పోయింది, ఊగడం పోయింది, ట్యూబులైటు చోకు గరగర, బోరు మోటారు స్టార్టర్ టకటక అన్నీ పోయాయి. బదులుగా దూరం పోయింది. ఎఫ్ఎం కంటిచూపు దారిలోనే నడుస్తుంది. కొండ అడ్డమొస్తే అంతే, మామూలు సెట్‌కు 60 కిలోమీటర్లు దాటితే కష్టం. ఇక్కడ మాత్రం స్టీలు పుల్లే ఏరియల్. మొత్తం లాగకూడదు, 101.7కు 74 సెంటీమీటర్లు, 102.4కు 73. ఊరవతల ఉన్నవాళ్ళు రెండు తీగలు పక్కపక్కన ఉండే టీవీ చదునుతీగను 1.4 మీటర్లు కత్తిరించి, రెండు కొసల్లో తీగలు కలిపి అతికించి, నడుమ ఒకపక్క తీగను తెంచి అక్కడి నుంచి ఇంకో చదునుతీగ దించి గోడకు మేకులు కొట్టేవాళ్ళు. దాని పొడవాటి పక్క స్టేషన్‌కు ఎదురుగా ఉండాలి.

గొంతులు మన యాసకు ఇంకా దగ్గరికొచ్చాయి. ఫోన్ చేసి పాట అడిగితే అవతల మనిషి 'ఏం చేస్తాంటావు, అన్నం తిన్యావా' అనడం అప్పుడే మొదలైంది. కార్డు మాత్రం మూలపడింది.

డయల్ దారం తెగిన రేడియో షాపుకొస్తే ఆ పని ఇప్పటికీ అలాగే చేయాలి. నైలాను దారాన్ని పెద్ద చక్రం గాడిలో స్ప్రింగుకు ముడివేసి, మీట కడ్డీ చుట్టూ రెండున్నర చుట్లు తిప్పి, రెండో కొసను స్ప్రింగు సగం సాగేలా లాగి ముడి. చుట్లు తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే ఒకదాని మీదొకటి ఎక్కి బిగుసుకుంటుంది. జారితే కాస్త గుగ్గిలం పొడి అద్దాలి, నూనె మాత్రం తగలకూడదు. సూదిని దారానికి అప్పుడే అతికించకూడదు. సీమలో మెకానిక్కులు ముందు మీట తిప్పి కడపను పట్టేవాళ్ళు. గొంతు నిండుగా వచ్చాక, చక్రం కదలకుండా బొటనవేలితో అదిమిపట్టి, సూదిని 90 మీదికి జరిపి, దారం మీద చుక్క లక్క పెట్టేవాళ్ళు.